డ్రై బ్యాటరీ అంటారు గానీ లోపల ఉండేది యాసిడే

జీవామృతం మీద వీడియో పెట్టిన ప్రతిసారీ నాకొచ్చే ఫోన్లలో సగం స్ప్రేయర్ గురించే ఉంటాయి. "అన్నా, బ్యాటరీ ఆర్నెల్లకే పోయింది, ఏ కంపెనీది కొనాలె?" అని ఒకరు. "లోపల నీళ్లు ఎండిపోయినయంట, మెకానిక్ పోస్తనంటుండు, పోయించుకోవాల్నా?" అని ఇంకొకరు. "పాతదానికి కబాడీ అతను మంచి రేటు ఇస్తనంటుండు, ఇచ్చెయ్యనా?" అని మరొకరు. మొదటి రెండింటికీ పైన వీడియోలో చేసి చూపించాను. మూడో ప్రశ్నకు మాత్రం వీడియోలో న్యాయం జరగలేదు. అందుకే ఇది రాస్తున్నా. వీడియో చూసినవాళ్లు కూడా చివరిదాకా చదవండి.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. షాపులో అడిగినా, చేలో అడిగినా అందరూ దీన్ని "డ్రై బ్యాటరీ" అనే అంటారు. సగం ప్రమాదం ఈ పేరులోనే ఉంది. పొడిది అనుకోగానే చేతులు అజాగ్రత్తగా కదులుతాయి. దీని అసలు పేరు సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. ట్రాక్టర్ బ్యాటరీలో ఏముందో ఇందులోనూ అదే ఉంది: సీసం పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్. ట్రాక్టర్ బ్యాటరీలో యాసిడ్ నీళ్లలాగా కదులుతుంది. ఇందులో పలకల మధ్య సన్నటి గాజు పీచుతో చేసిన దూది లాంటి పొర ఉంటుంది, యాసిడ్‌ను అది పీల్చుకుని పట్టుకుంటుంది. అందుకే పక్కకు ఒరిగినా కారదు. వీపు మీద మోసుకుంటూ తిరిగే స్ప్రేయర్‌కు ఇది సరిపోయింది అందుకే. డబ్బా పగిలితే మాత్రం ఆ పొరలోని యాసిడ్ చర్మాన్నీ బట్టనూ ఒకేలా కాలుస్తుంది.

మూత మీది ప్లాస్టిక్ పట్టీ కింద ఆరు చిన్న రబ్బరు టోపీలు ఉంటాయి, గదికి ఒకటి చొప్పున. 2 వోల్టుల గదులు ఆరు కలిస్తే 12 వోల్టులు. ఛార్జింగ్ చివర్లో లోపలి నీరు కొంచెం విడిపోయి ఆక్సిజన్, హైడ్రోజన్ పుడతాయి. మామూలుగా ఆ ఆక్సిజన్ గాజు పొర గుండా అవతలి పలకకు చేరి మళ్లీ నీరైపోతుంది. మనం నీళ్లు పోయనక్కర్లేకపోవడానికి కారణం ఇదే. అయితే ఛార్జింగ్ మరీ ఎక్కువైతే పుట్టే వాయువు వేగాన్ని ఈ పద్ధతి అందుకోలేదు. ఒత్తిడి పెరిగి రబ్బరు టోపీ లేస్తుంది, వాయువు బయటికి పోతుంది. అలా పోయిన నీరు ఇక రాదు. బయటికొచ్చిన హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక మెకానిక్ సంగతి. పట్టీ లేపి, సిరంజితో డిస్టిల్డ్ వాటర్ ఎక్కించి, ఫెవిక్విక్‌తో మూసి ఇస్తారు. రెండు మూడు వారాలు పనిచేసినట్టే ఉంటుంది. నీరు ఎక్కువైతే గాజు పొర నిండిపోయి ఆక్సిజన్‌కు దారి ఉండదు, టోపీ సరిగ్గా కూర్చోదు, అప్పుడు నిజంగానే యాసిడ్ బయటికొస్తుంది. అదీ మన నడుముకు ఆనుకుని ఉన్న డబ్బాలో. నా మాటగా చెప్తున్నా, పోయించుకోకండి. నీళ్లు పోయాల్సి వచ్చిందంటే ఆ బ్యాటరీ పనైపోయినట్టే.

ఆర్నెల్లకే పోవడం గురించి. చాలాసార్లు తప్పు కంపెనీది కాదు. స్ప్రేయర్‌లో వచ్చే 12 వోల్టుల 8 ఆంపియర్ అవర్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తూ వాడితే సుమారు రెండు వందల సార్లు ఛార్జింగ్ అయ్యేసరికి నీరసిస్తుంది. సగం దగ్గరే ఆపి ఛార్జ్ చేస్తే దానికి రెట్టింపు దాకా వస్తుంది. పంపు గొంతు మారి ధార బలహీనపడిందంటే ఆపేయాలని అర్థం. "ఇంకొక్క ట్యాంకు" అని లాగితే ఆ ఒక్క ట్యాంకే బ్యాటరీ ఆయుష్షు తింటుంది. ఇంకోమాట, 8 ఆంపియర్ అవర్ అన్నది 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. పంపు అంతకు ఎన్నో రెట్లు వేగంగా లాగుతుంది కాబట్టి అట్ట మీద రాసినంత ఎప్పుడూ రాదు, షాపువాడితో గొడవ పెట్టుకోకండి.

దీనికంటే పెద్ద దెబ్బ, సీజన్ అయ్యాక ఖాళీ బ్యాటరీతోనే స్ప్రేయర్‌ను అటకెక్కించడం. ఖాళీగా ఉన్న పలకల మీద సీసం సల్ఫేట్ గట్టిపడుతుంది, ఎంత ఛార్జ్ చేసినా మళ్లీ కరగదు. మా దగ్గర ఆరు స్ప్రేయర్లున్నాయి, చుట్టుపక్కల రైతులకు అద్దెకూ ఇస్తాం. పని లేని రోజుల్లో రెండు నెలలకోసారి అన్నింటినీ నిండా ఛార్జ్ చేసి వైరు ఊడదీసి పెడతాం. క్యాలెండర్ మీద అమావాస్య పక్కన చిన్న గీత, అంతే.

వేడి గురించి కూడా చెప్పాలి. ఉండాల్సిన వేడి కంటే ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఈ రకం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఇది తయారీదారులందరూ ఒప్పుకునే లెక్క. మే నెలలో మా జల్‌పల్లి రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం నిలబడి చూస్తే ఆ సగం ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. బ్యాటరీని నేల మీద, నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. రేకు కింద అటక మీద వద్దు.

ఛార్జింగ్ దగ్గర నాలుగు మాటలు. మల్టీమీటర్ లేకపోతే కొనుక్కోండి, చిన్నది చాలు. నిండిన బ్యాటరీని ఛార్జర్ తీసేసి రెండు మూడు గంటలాగి కొలిస్తే 12.8 నుంచి 13 వోల్టులు చూపాలి. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ. ఛార్జర్ పని చేసేటప్పుడు 14.4 నుంచి 14.7 దాకా ఎక్కుతుంది, పచ్చ లైటు వెలిగాక 13.5 నుంచి 13.8కి దిగాలి. మీ ఛార్జర్ పచ్చ లైటు వెలిగాక కూడా 14.4 దగ్గరే నిలిస్తే, దానికి ఆపడం తెలియదని అర్థం. రాత్రంతా వదిలేస్తే బ్యాటరీని ఉడకబెడుతుంది. అలాంటిదాన్ని మార్చేయండి. మార్చేదాకా గంటలు చూసుకుని తీసేయండి. స్ప్రేయర్‌తో వచ్చిన చిన్న ఛార్జర్‌కు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. తొందరపడి ట్రాక్టర్ బ్యాటరీల 10 ఆంపియర్ల ఛార్జర్ తగిలించకండి. చేత్తో ముడితే డబ్బా గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే స్విచ్ ఆపండి.

ముందు బ్యాటరీకి తగిలించి తర్వాత గోడ స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు గోడ స్విచ్ ఆపాలి. క్లిప్పు దగ్గర వచ్చే చిన్న నిప్పురవ్వ బ్యాటరీ పక్కనే కదా పుట్టేది, అందుకు. పశువుల కొట్టంలో గడ్డి పక్కన, డీజిల్ డబ్బా పక్కన, పిల్లలు పడుకునే గదిలో ఛార్జింగ్ వద్దు. డబ్బాలో పెట్టి మూత మూసి అసలే వద్దు. అడవి పందుల కోసం సోలార్ కంచె పెట్టుకున్నవాళ్లు బ్యాటరీని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. దొంగల భయం నాకూ తెలుసు. కానీ ఆ పెట్టెకు పైన, కింద రంధ్రాలు ఉండాలి, పైన నీడ ఉండాలి. మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, బ్యాటరీ ఖర్చెందుకని లైను నుంచి నేరుగా కంచెకు కరెంటు ఇచ్చేవాళ్లున్నారు. అది నేరం, మనుషులు చనిపోతున్నారు. దాని గురించి నాతో వాదించకండి.

ఇప్పుడిప్పుడే లిథియం బ్యాటరీ స్ప్రేయర్లు వస్తున్నాయి. వాటి ఛార్జర్ వేరు, దీని ఛార్జర్ వేరు. పిన్ను సరిపోయింది కదా అని మార్చి పెట్టడం మంటలతో ఆటే.

మన పద్ధతిలో సేద్యం చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒకటుంది. 16 లీటర్ల ట్యాంకులో పదో వంతు, అంటే లీటరున్నర పైచిలుకు జీవామృతం కలిపి కొడతాం. గోమూత్రం, బెల్లం ఉన్న ఆ నీరు మూత దగ్గర చిందినా, పైపు జాయింటు దగ్గర కారినా అడుగున బ్యాటరీ గదిలోకే చేరుతుంది. రాగి, ఇత్తడి క్లిప్పులు పచ్చగా బూజు పట్టినట్టవుతాయి. పట్టు సరిగ్గా ఉండక అక్కడ వేడి పుడుతుంది, ఒక్కోసారి వైరు తొడుగు కరుగుతుంది. పని అయ్యాక ట్యాంకును మంచినీళ్లతో నడిపి, అడుగు గది తెరిచి ఆరబెట్టండి. క్లిప్పులు తీసి, వంటసోడా నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి, కొంచెం వాజలీన్ రాయండి. ఎర్ర వైరుకు చిన్న ఫ్యూజు లేకపోతే పెట్టించుకోండి.

తుడిచేటప్పుడు ఉంగరం, వాచీ, గాజులు తీసేయాలి. ఇంత చిన్న బ్యాటరీ ఏం చేస్తుందిలే అనుకోవద్దు. రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే ఆ క్షణంలో వంద ఆంపియర్లకు పైనే పారుతుంది. ఇంట్లో స్విచ్ బోర్డులా షాక్ కొట్టదు, ఆ ఇనుమును ఎర్రగా కాలుస్తుంది. వేలికున్న ఉంగరమైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మా చేనుకు దగ్గర్లోనే శంషాబాద్ విమానాశ్రయం, తల మీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి. ఈ రకం బ్యాటరీ వీల్‌చైర్లలో, వైద్య పరికరాల్లో ఉంటుంది కాబట్టి విమానయాన సంస్థలు దీనికి ఒక హద్దు పెట్టుకున్నాయి. ప్రయాణికుడు తెచ్చే కారని రకం బ్యాటరీ 12 వోల్టులు, 100 వాట్ అవర్ దాటకూడదు, టెర్మినళ్లు షార్ట్ కాకుండా కప్పి ఉండాలి. మన స్ప్రేయర్ బ్యాటరీ లెక్క కట్టండి, 12ను 8తో గుణిస్తే 96. ఆ హద్దుకు అంచున ఉన్న వస్తువును మనం బైకు డిక్కీలో పానాలు, మేకులతో కలిపి వేసుకుని తిరుగుతున్నాం. ఒక టేపు ముక్క అంటిస్తే సరిపోయే పని.

యాసిడ్ తగిలితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఒంటి మీద పడితే బట్ట తీసేసి ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని మంచినీళ్లతో కనీసం పావుగంట కడుగుతూనే ఉండాలి. ఆ తర్వాతే బండి ఎక్కించి కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కడగకుండా ఆసుపత్రికి పరిగెత్తితే దారిలోనే చూపు పోవచ్చు. పాలు, వెన్న, పసుపు ఏవీ వద్దు. కంట్లో, ఒంటి మీద వంటసోడా కూడా వద్దు, అది నేల మీద కారిన యాసిడ్ మీద చల్లడానికి. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే పొడవకండి, ఇంకోసారి ఛార్జింగ్ పెట్టకండి. ప్లాస్టిక్ టబ్బులో పెట్టి ఆరుబయట నీడలో ఉంచండి.

ఇక ఆ మూడో ప్రశ్న. పాతది ఎవరికివ్వాలి?

మీరు జల్‌పల్లి నుంచి కాటేదాన్ వైపు, శాస్త్రిపురం, టాటానగర్ వైపు వచ్చి ఉంటే తుక్కు గోదాములు చూసే ఉంటారు. నగరం పారేసినదంతా అక్కడికి చేరి, విడగొట్టబడి, మళ్లీ వస్తువవుతుంది. ఆ పని చేసే కుటుంబాలను తక్కువగా మాట్లాడటం నాకిష్టం లేదు, వాళ్లు లేకపోతే హైదరాబాద్ చెత్తలో మునుగుతుంది. కానీ బ్యాటరీ మిగతా తుక్కు లాంటిది కాదు. లైసెన్సు లేని చోట దాన్ని గొడ్డలితో పగలగొడతారు. యాసిడ్ నేలపాలవుతుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అంటే కట్టెల పొయ్యి చాలు. పలకలను మూకుడులో వేసి కరిగిస్తారు. పొగ, బూడిద, దుమ్ము అక్కడే ఉంటాయి, పిల్లలూ అక్కడే ఆడుతుంటారు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. సెనెగల్ దేశంలో డాకర్ పక్కన థియారోయ్ అనే బస్తీలో పాత బ్యాటరీలు విప్పి సీసం తీసేవాళ్లు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది, మొత్తం సుమారు 80 కోట్ల మంది. దేశాలవారీగా చూస్తే వాళ్లలో అందరికంటే ఎక్కువమంది మన దేశంలోనే ఉన్నారు. సరిగ్గా లేని బ్యాటరీ రీసైక్లింగ్‌ను ముఖ్య కారణాల్లో ఒకటిగా ఆ నివేదిక చెప్పింది. చనిపోయేంత కాకపోయినా, కొద్ది సీసమే పిల్లల చదువును, బుద్ధిని వెనక్కి లాగుతుంది. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

మా పక్కనే జరిగిన పరిశోధన ఇంకోటుంది. హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు నార్వే వాళ్లతో కలిసి కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. అద్దకం, నూనె, బ్యాటరీల తయారీ, లోహపు పూత, రసాయనాలు కలిపి అక్కడ సుమారు 300 పరిశ్రమలని రాశారు. కెనడా మట్టి ప్రమాణాలతో పోల్చి చూస్తే ఆ వాడలో ఎక్కువ భాగం ఆర్సెనిక్, సీసం, జింక్‌తో తీవ్రంగా చెడిపోయింది. నన్ను ఆపింది మాత్రం ఇంకో మాట. ఇళ్లున్న చోట్ల కూడా అక్కడక్కడా సీసం దొరికింది. వానా గాలీ పరిశ్రమల నుంచి అంత దూరం మోసుకొచ్చి ఉంటాయనుకోవడం కష్టమని, అక్కడికక్కడ పారబోసిందే ముఖ్య కారణమై ఉంటుందని వాళ్లు రాశారు. అంటే పెద్ద చిమ్నీ ఒక్కటే దోషి కాదు. మనలాంటి వాళ్ల చేతి నుంచి వెళ్లిన చిన్న చిన్న వస్తువులు కూడా అందులో ఉండొచ్చు.

ఒక లెక్క చూడండి. స్ప్రేయర్ బ్యాటరీ బరువు రెండున్నర కిలోల లోపు. అందులో సగానికి పైగా, సుమారు కిలోన్నర, సీసమూ దాని సమ్మేళనాలే. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న వాకిట్లో దాన్ని పగలగొట్టారనుకుందాం. అందులో పదో వంతు, అంటే 150 గ్రాములు మాత్రమే మట్టిలో కలిసిందనుకుందాం. పైన అర అడుగు మట్టి సుమారు రెండు టన్నులు ఉంటుంది. కిలో మట్టికి 75 మిల్లీగ్రాముల సీసం కొత్తగా చేరినట్టు. కెనడా వాళ్లు సాగు భూమికి పెట్టుకున్న హద్దు 70. ఒక్క బ్యాటరీలో పదో వంతుతోనే ఇది.

మనం మట్టిని బతికించుకోవాలని ఈ దారిలోకి వచ్చినవాళ్లం. పురుగుమందు అవశేషమైతే సూక్ష్మజీవులు ఏళ్లు పట్టినా విడగొడతాయి. సీసం మూలకం. దాన్ని ఏ సూక్ష్మజీవీ విడగొట్టలేదు. ఘనజీవామృతం, కంపోస్టు బాగా వేస్తే కొంత సీసాన్ని మట్టిలోనే బంధించి మొక్కకు అందకుండా చేస్తాయి, అంతవరకే. అది అక్కడే ఉంటుంది. పాలకూర, తోటకూర ఆకుల మీద దుమ్ముగా లేస్తుంది, ముల్లంగి తొక్కకు అంటుకుంటుంది. ఎన్ని డ్రమ్ములు జీవామృతం పోసినా వెనక్కి రాని నష్టం ఇదొక్కటేనేమో అనిపిస్తుంది నాకు.

చట్టం మన వైపే ఉంది. 2001 నాటి బ్యాటరీ నిబంధనల స్థానంలో 2022 ఆగస్టులో కేంద్రం కొత్త బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. అమ్మిన కంపెనీయే పాతవాటిని వెనక్కి రప్పించి రీసైక్లింగ్ చేయించాలి. వాడేవాళ్ల మీదా బాధ్యత ఉంది: ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఉంచి, సేకరించే వాళ్లకో, రీసైక్లింగ్ చేసేవాళ్లకో అప్పగించాలి. బ్యాటరీ మీద కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ, పక్కన సీసం గుర్తు చూసే ఉంటారు, ఆ బొమ్మ అర్థం అదే.

మేం చేసే పద్ధతి ఇది. కొత్తది కొనేటప్పుడే పాతది పట్టుకెళ్తాం, బిల్లులో పాతదాని విలువ తగ్గించమని అడుగుతాం. పాతది తీసుకోనన్న షాపులో కొత్తది కొనం. కబాడీ అతను ఒక్కోసారి కొంచెం ఎక్కువే ఇస్తాడు, నిజమే. అది పగిలితే ఆ తేడా ఎవరి పిల్లలు కడుతున్నారో ఇప్పుడు మీకు తెలుసు. ఒకటి రెండు బ్యాటరీలకు షాపువాళ్లు ముఖం తిప్పుకుంటారు కాబట్టి చుట్టుపక్కల రైతులవి మా షెడ్డులో పోగుచేస్తున్నాం. టెర్మినళ్లకు టేపు వేసి, ప్లాస్టిక్ క్రేటులో నిలువుగా పేర్చి, ఒకదాని మీద ఒకటి పెట్టకుండా, వాన తగలకుండా ఉంచుతాం. క్రేటు నిండగానే డీలర్ దగ్గరికి తీసుకెళ్లి లెక్క చూసి రసీదు తీసుకుంటాం. వచ్చిన డబ్బు ఎవరి బ్యాటరీకి వాళ్లకే.

మామిడిపల్లి, తుక్కుగూడ, పహాడీషరీఫ్ వైపు నుంచి తేదలుచుకున్నవాళ్లు ఆదివారం పొద్దున తెచ్చివ్వండి. పగిలినవి, కారుతున్నవి ఉంటే మాత్రం బైకు మీద తేకండి. ముందు ఫోన్ చేయండి, టబ్బు తీసుకుని మేమే వస్తాం.